పొట్టేలు గొర్రెలను దాటడం లేదు: టెస్టోస్టెరాన్ సూది వేయించవచ్చా?

మీరు రాసిన సంగతి ఇది. పరకాల దగ్గర నలభై గొర్రెల మంద. విత్తనానికని ఏప్రిల్ మొదట్లో రెండేళ్ల పొట్టేలును కొన్నారు. ఒళ్లు నిండుగా ఉంది, మేత బాగా తింటోంది. కానీ ఈ రెండు నెలల్లో అది ఒక్క గొర్రెను దాటగా, అంటే జత కట్టడానికి ఎక్కగా కూడా మీరు చూడలేదు. ఒకటి రెండు సార్లు మగ గొర్రెపిల్లల మీదికి మాత్రం ఎక్కబోయింది. పాత పొట్టేలు కూడా మందలోనే తిరుగుతోంది. మందుల దుకాణంలో అడిగితే టెస్టోస్టెరాన్ అనే మగ హార్మోను సూది రెండు సార్లు వేస్తే వారంలో దారికి వస్తుందన్నారు. వేయించవచ్చా, ముందుగా రక్తపరీక్ష చేయించాలా అని మీ ప్రశ్న.

వేయించకండి. రక్తపరీక్ష కూడా ఇప్పుడు అక్కరలేదు. మీ పొట్టేలు సంగతి తేల్చడానికి కొద్ది రోజుల పరిశీలన చాలు. కానీ ఆ సూది ఎందుకు తప్పో తెలియకపోతే వచ్చే ఏడాది మరో పొట్టేలు విషయంలో ఇదే సలహా మళ్లీ మీ ముందుకు వస్తుంది, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. వరంగల్, జనగామ, మహబూబాబాద్ వైపు ముప్పై ఏళ్లు పశువైద్యం చేశాను. ఆ సూదిని నా చేతులతో వేసి, దాని ఫలితం కూడా చూశాను.

మెదడు అడుగుభాగంలో హైపోథాలమస్ అని ఒక చిన్న భాగం ఉంది. అక్కడి నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే హార్మోను ధారగా కాకుండా విడతలు విడతలుగా వస్తుంది. ఒక్కో విడతకు పీయూష గ్రంథి ఎల్‌హెచ్ అనే మరో హార్మోనును రక్తంలోకి వదులుతుంది. అది వృషణాలకు చేరి అక్కడ టెస్టోస్టెరాన్ తయారు చేసే లైడిగ్ కణాలను తట్టి లేపితే, గంట తిరిగేలోపు టెస్టోస్టెరాన్ పెరుగుతుంది. తరువాత మెల్లగా దిగుతుంది. మళ్లీ మరో విడత వచ్చేదాకా అలాగే ఉంటుంది. అంటే ఆరోగ్యంగా ఉన్న ఒకే పొట్టేలులో ఉదయం ఎనిమిది గంటలకు తీసిన రక్తానికీ పదిగంటలకు తీసిన రక్తానికీ మధ్య టెస్టోస్టెరాన్ ఎన్నో రెట్లు తేడా ఉండవచ్చు. ఒక్కసారి తీసిన రక్తంలో అంకె తక్కువ వచ్చిందని పొట్టేలును తప్పు పట్టడం, రెండు వానల మధ్య తెరిపిలో ఆకాశం చూసి ఈ ఏడు కరువని తేల్చడం లాంటిది. అందుకే పరీక్ష వద్దన్నాను.

ఇక సూది సంగతి. రక్తంలో టెస్టోస్టెరాన్ సరిపడా ఉన్నట్టు మెదడుకు తెలియగానే పై నుంచి వచ్చే విడతలు తగ్గుతాయి. ఇంటి మీది ట్యాంకులో బంతి పెట్టి, నీళ్లు నిండగానే మోటారు ఆగేలా చేస్తారు కదా, అదే ఏర్పాటు. సూదితో టెస్టోస్టెరాన్ ఎక్కించడం బయటి నుంచి ట్యాంకరు తెచ్చి ట్యాంకు నింపడం వంటిది. బంతి పైకి లేస్తుంది, మోటారు ఆగుతుంది. ఎల్‌హెచ్ పడిపోతుంది, వృషణాలు తమ పని మానేస్తాయి.

ఇందులో అసలు నష్టం ఇంకొకటి ఉంది. వృషణం లోపల టెస్టోస్టెరాన్ సాంద్రత రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. వీర్యకణాలు తయారు కావాలంటే ఆ లోపలి మోతాదు ఉండి తీరాలి. సూది రక్తంలో పెంచుతుంది కానీ వృషణంలో ఆ మోతాదును అందుకోలేదు. పైగా అక్కడ సొంతంగా తయారయ్యేదాన్ని ఆపేస్తుంది. పొట్టేలు పైకి హుషారుగా కనిపిస్తూనే లోపల విత్తనం ఎండిపోతుంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో వర్ధన్నపేట వైపు ఒక కాపరి తన పొట్టేలు మందగించిందని గట్టిగా అడిగితే నేను ఈ సూదే వేశాను. రెండు వారాల తేడాతో రెండుసార్లు. పొట్టేలు కదిలింది, గొర్రెలను దాటింది. ఆయన సంతోషపడ్డాడు, నేనూ పడ్డాను. మూడు నెలల తరువాత మంద చూస్తే చూలు కట్టిన గొర్రెలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. పొట్టేలు వృషణాలు పట్టి చూశాను. మొదట గట్టిగా ఉన్నవి మెత్తబడి, చిన్నవై ఉన్నాయి. ఆ ఇంటికి ఒక ఈత పోయింది. జీవాల మీద బతికే ఇంట్లో ఒక ఈత పోవడమంటే ఏమిటో మీకు నేను చెప్పక్కరలేదు. ఆ తరువాత విత్తనపు పొట్టేలుకు ఆ సూది నేను ఎన్నడూ వేయలేదు.

మరి కోరికకు టెస్టోస్టెరాన్ అవసరమే లేదా? ఉంది, కానీ మనం అనుకునే పద్ధతిలో కాదు. విత్తులు కొట్టిన పొట్టేళ్లను గమనించండి. పిల్లగా ఉన్నప్పుడే కొట్టిస్తే పెద్దయ్యాక గొర్రెల వెంట పడదు. ఒకటి రెండు కాలాలు గొర్రెలను దాటిన పొట్టేలుకు విత్తులు కొట్టే బర్డిజో పటకారుతో నొక్కించినా, నెలల తరబడి ఎక్కుతూనే ఉంటుంది. రక్తంలో టెస్టోస్టెరాన్ తొందరగానే అడుగంటుతుంది, అలవాటు మాత్రం ఇంకా మెదడులో బతికి ఉంటుంది. అది మెల్లమెల్లగా ఆరిపోతుంది. తిరిగి హార్మోను ఇచ్చినా ఆ ప్రవర్తన మర్నాడే రాదు, వారాలు పడుతుంది. వారంలో దారికి వస్తుందన్న మాటకు ఆధారం ఎక్కడిదో నాకు తెలియదు.

ఇంకో సంగతి. కోరిక కలగడానికి టెస్టోస్టెరాన్ కొంత మట్టానికి చేరాలి. ఆ మట్టం దాటాక ఎంత పెరిగినా కోరిక ఆ లెక్కన పెరగదు. ఒకే మందలో పెరిగిన రెండు పొట్టేళ్లలో ఒకటి రోజుకు పది గొర్రెలను దాటవచ్చు, మరొకటి రెండింటితో సరిపెట్టవచ్చు. వాటి రక్తం పరీక్షిస్తే చాలాసార్లు పెద్ద తేడా కనిపించదు. తేడా ఎక్కువగా మెదడు ఆ హార్మోనును అందుకునే తీరులో ఉంది.

అందుకునే తీరు కూడా విచిత్రమైనది. రక్తం ద్వారా వచ్చిన టెస్టోస్టెరాన్‌లో కొంత భాగాన్ని మెదడులో అరోమటేజ్ అనే ఎంజైము ఈస్ట్రాడయోల్‌గా మారుస్తుంది. ఆడ హార్మోను అని మనం పిలిచేది అదే. పొట్టేలు చేత గొర్రెను దాటించడంలో దానికి పెద్ద పాత్ర ఉంది. విత్తులు తీసిన పొట్టేళ్లకు ఈస్ట్రాడయోల్ ఇచ్చి చూస్తే ఎక్కే ప్రవర్తన తిరిగి వచ్చింది. ఈస్ట్రాడయోల్‌గా మారలేని మరో మగ హార్మోను, డైహైడ్రోటెస్టోస్టెరాన్, ఒక్కటే ఇస్తే అంత బాగా రాలేదు. కండలు, కొమ్ములు, పొగరు, కోరిక అన్నీ ఒకే మందుకు లొంగేవి అయితే పశువైద్యం ఎంతో తేలికగా ఉండేది.

ఆ మెదడును మగ మెదడుగా దిద్దే పని చాలా ముందే, తల్లి కడుపులోనే జరుగుతుంది. గొర్రె చూలు సుమారు 150 రోజులు. అందులో దాదాపు 30వ రోజు నుంచి 90వ రోజు వరకు మగపిండం వృషణాలు వదిలే టెస్టోస్టెరాన్ దాని మెదడును తీర్చిదిద్దుతుంది. ఆ రోజుల్లో చూడి గొర్రెకు టెస్టోస్టెరాన్ ఎక్కిస్తే పుట్టిన ఆడ గొర్రెపిల్లలు పెద్దయ్యాక పొట్టేళ్లలా ప్రవర్తించడం పరిశోధనల్లో చూశారు. అంటే మీ సంతలో మనం వెల కట్టే గుణానికి పునాది, ఆ పొట్టేలు పుట్టకముందే, దాని తల్లి కడుపులో పడింది.

మగ గొర్రెపిల్లల మీదికి ఎక్కబోయిందని రాశారు కాబట్టి ఇక్కడ ఒక మాట చెప్పాలి. అమెరికాలోని ఐడహో రాష్ట్రంలో డుబాయిస్ అనే చోట ప్రభుత్వ గొర్రెల పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి పొట్టేళ్లను ఏళ్ల తరబడి పరీక్షించి చూస్తే, సుమారు 8 శాతం పొట్టేళ్లు ఎదలో ఉన్న గొర్రెలు పక్కనే ఉన్నా మగవాటినే ఎంచుకున్నాయి. ఇంకొన్ని ఎవరి మీదా ఆసక్తి చూపలేదు. చార్లెస్ రోసెల్లీ అనే శాస్త్రవేత్త బృందం 2004లో ప్రచురించిన పరిశోధనలో, గొర్రెలను కోరే పొట్టేళ్ల హైపోథాలమస్‌లో ఒక కణాల గుంపు, మగవాటిని కోరే పొట్టేళ్లలో కంటే దాదాపు రెండింతలు పెద్దదిగా కనిపించింది. ఈ స్వభావం ఉన్న పొట్టేలుకు టెస్టోస్టెరాన్ కొరత ఉండదు. అది రోగం కాదు, సూదికి మారదు. అలాంటి పొట్టేలు విత్తనానికి పనికిరాదన్నది నిజం, అంతకుమించి దాన్ని తప్పు పట్టడానికి ఏమీ లేదు.

కానీ మీ పొట్టేలు ఆ కోవలోదని నేను అనుకోవడం లేదు. ఒకటి రెండు సార్లు ఎక్కబోవడం అన్ని పొట్టేళ్లూ చేసే పనే. పెత్తనం చూపడానికీ ఎక్కుతాయి. దాన్ని ఎక్కడ కొన్నారో మీరు రాయలేదు. పండుగ అమ్మకానికి మేపే షెడ్డు నుంచి వచ్చిందేమో కనుక్కోండి. తల్లిపాలు మానినప్పటి నుంచి మగవాటి మధ్యే పెరిగిన పొట్టేలుకు గొర్రెను ఎలా సమీపించాలో మొదట తెలియదు. వాసన చూస్తుంది, తికమక పడుతుంది, పక్కకు పోతుంది. ఎదలో ఉన్న గొర్రెలతో నాలుగైదు రోజులు ప్రశాంతంగా వదిలితే వీటిలో ఎక్కువ భాగం నేర్చుకుంటాయి. కొన్ని నేర్చుకోవు.

ఇప్పుడు మీరు ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన సంగతికి వస్తాను. పాత పొట్టేలు మందలోనే ఉంది. మందలో పెద్దరికం దానిది. దాని కళ్ల ముందు కొత్త పొట్టేలు గొర్రె దగ్గరికి పోతే కొమ్ము దెబ్బ తప్పదు. ఒకటి రెండు దెబ్బలు తిన్నాక, రక్తంలో ఎంత హార్మోను ఉన్నా అది ముందుకు రాదు. పైగా మీ నలభైలో చాలా గొర్రెలకు పాత పొట్టేలు వల్ల ఇప్పటికే చూలు కట్టి ఉండవచ్చు. గొర్రె 17 రోజులకు ఒకసారి ఎదకు వస్తుంది, ఎద నిలిచేది ఒక రోజు, మహా అయితే రోజున్నర. చూలు కడితే ఆ రావడమూ ఉండదు. ఎదలో లేని గొర్రె పొట్టేలును దాటనివ్వదు. కొత్త పొట్టేలుకు అవకాశమే రాలేదేమో ముందు చూడాలి.

మీరు ఉదయం మంద వదిలే ముందు, సాయంత్రం దొడ్డికి తోలాక అరగంట నిలబడి పాత పొట్టేలును గమనించండి. అది ఏ గొర్రె వెనక పడుతుందో, ఏ గొర్రె మూత్రం వాసన చూసి తల ఎత్తి పైపెదవి మడుస్తుందో చూడండి. కురుమ పెద్దలు ఈ పెదవి మడతను చూసే ఎద పోల్చుకుంటారు. అలా మడిచినప్పుడు ఆ వాసన నోటి పైభాగంలోని ఒక ప్రత్యేక అవయవానికి చేరుతుంది, అక్కడి నుంచి కబురు మెదడుకు పోతుంది. ఆ గొర్రెను విడదీసి, పాత పొట్టేలు కనిపించని చోట, కొత్త పొట్టేలుతో ఒక చిన్న దొడ్డిలో వదలండి. మీరు దూరంగా నిలబడి అరగంట చూడండి. మూతితో గొర్రె వెనక భాగం చూడటం, భుజంతో నెట్టడం, ముందుకాలు విసరడం, గొంతులో చిన్నగా గురగుర శబ్దం చేయడం, ఇవి వరుసగా వస్తే దాని మెదడు, హార్మోన్లు రెండూ పని చేస్తున్నట్టే. ఆ తరువాత కూడా ఎక్కలేకపోతే కాళ్లు చూడండి. వెనక గిట్టల పుండ్లు, మోకాలి నొప్పి ఉన్న పొట్టేలు ఎక్కాలనుకున్నా ఎక్కలేదు. కోరిక లేదని మనం అనుకునే వాటిలో చాలా వాటికి ఉన్నది కాలినొప్పి. ఇలా మూడు వేరు వేరు గొర్రెలతో, వేరు వేరు రోజుల్లో చూడండి.

దీంతోపాటు వృషణాలు చేత్తో పట్టి చూడండి. రెండూ సమానంగా, గట్టిగా, సంచిలో తేలికగా కదిలేలా ఉండాలి. ఒకటి ఉబ్బి, వేడిగా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే పశువైద్యునికి చూపించండి. అలాంటి వాపు తెచ్చే బ్రుసెల్లోసిస్ అనే అంటువ్యాధి ఉంటే అది మనుషులకూ సోకుతుంది, కాబట్టి అలాంటి మందలో గర్భస్రావమైన పిండాన్ని, మాయను వట్టి చేతులతో ముట్టవద్దు.

అన్నీ బాగుండి దాటడం మొదలుపెట్టినా వెంటనే నమ్మవద్దు. ఏప్రిల్‌లో కొన్నారు. ఏప్రిల్, మే నెలల్లో మన ఓరుగల్లు ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. వృషణాలు శరీరం కంటే నాలుగైదు డిగ్రీలు చల్లగా ఉంటేనే వీర్యం సక్రమంగా తయారవుతుంది. సంచి కిందికి వేలాడటం, చెమట పట్టడం, అక్కడి రక్తనాళాల అల్లిక, అన్నీ ఆ చల్లదనం కోసమే. ఎండ మరీ ముదిరితే ఆ ఏర్పాట్లు చాలవు. జ్వరం వచ్చినా అంతే. నీలినాలుక వ్యాధి వచ్చి కోలుకున్న పొట్టేలు విత్తనం కొంతకాలం నమ్మదగింది కాదు. విచారకరమైన విషయం ఏమిటంటే, వేడి వీర్యాన్ని పాడు చేసినంత తొందరగా కోరికను పాడు చేయదు. పొట్టేలు దాటుతూనే ఉంటుంది, గొర్రెలు చూలు నిలవక మళ్లీ ఎదకు వస్తూ తిరగబెడుతూనే ఉంటాయి. కోరిక ఒక ఎత్తు, విత్తనం మరో ఎత్తు. జీవాలు పెంచే ప్రతి ఇంటికీ ఇది తెలియాలని నా తాపత్రయం.

కొత్త వీర్యకణం తయారు కావడానికి సుమారు 49 రోజులు, అది పండి బయటికి రావడానికి ఇంకో పది పద్నాలుగు రోజులు. మొత్తం రెండు నెలలు దాటుతుంది. జూన్ రెండో వారంలో తొలకరి పడి చల్లబడితే, అప్పుడు మొదలైన విత్తనం ఆగస్టు రెండో వారానికి సిద్ధమవుతుంది. మేత లెక్క కూడా ఇంతే. ఈ రెండు నెలలు పచ్చిమేతతో పాటు రోజుకు 300 నుంచి 500 గ్రాముల దాణా పెట్టండి. మొక్కజొన్న, తౌడు, వేరుశనగ చెక్క, నానబెట్టిన ఉలవలు, మీకు దొరికినవి. మేత పుష్టిగా ఉంటే మెదడు నుంచి వచ్చే హార్మోను విడతలు పెరుగుతాయి, వృషణాల సైజు కూడా పెరుగుతుంది. ఆస్ట్రేలియాలో మెరినో పొట్టేళ్లకు లూపిన్ అనే పప్పుజాతి గింజలు మేపి దీన్ని స్పష్టంగా చూపించారు. మరీ కొవ్వు పట్టనివ్వకండి, బద్ధకిస్తుంది. నట్టల మందు తాగించి ఎన్నాళ్లయిందో చూసుకోండి. మధ్యాహ్నం చెట్టు నీడ, చల్లని నీళ్లు ఉండాలి. లారీ ప్రయాణం, కొత్త మంద, కుక్కల బెదురు, ఇవన్నీ ఒత్తిడి హార్మోను కార్టిసాల్‌ను పెంచి ఎల్‌హెచ్‌ను అణచేస్తాయి, కాబట్టి వచ్చిన కొత్తలో కొంత మందగించడం సహజం. 2017లో గొర్రెల పంపిణీ పథకం కింద 20 గొర్రెలు, ఒక పొట్టేలు చొప్పున బయటి రాష్ట్రాల నుంచి దిగినప్పుడు నేను ఎన్నో ఇళ్లలో చూశాను, దిగిన నెలలో చప్పుడు చేయని పొట్టేళ్లు రెండో నెలలో తేరుకున్నాయి.

పగటి పొడవును బట్టి పొట్టేలు పనితనం మారుతుందని ఎక్కడో చదివి, నిజమేనా అని కూడా అడిగారు. స్కాట్లాండ్ వైపు పొట్టేళ్లకు అది ముఖ్యం. పగలు కురచబడితే మెలటోనిన్ అనే హార్మోను ద్వారా మెదడుకు తెలిసి వృషణాలు పెరుగుతాయి. మనకు ఎండాకాలం పగటికీ చలికాలం పగటికీ తేడా రెండు గంటలే. నెల్లూరు, దక్కనీ పొట్టేళ్లు ఏడాది పొడవునా పని చేస్తాయి. మన దగ్గర కాలాన్ని శాసించేది మేత, ఎండ.

చివరగా పొట్టేలు వాసన. దాని ఒంటి ఉన్నిలో, చర్మంలో టెస్టోస్టెరాన్ వల్ల పుట్టే వాసన ఒకటి ఉంటుంది. ఎదకు రాకుండా ఉన్న గొర్రెల దగ్గరికి కొత్త పొట్టేలు హఠాత్తుగా వస్తే ఆ వాసనకు వాటి ఎల్‌హెచ్ నిమిషాల్లో పెరుగుతుంది. రెండు మూడు రోజుల్లో అండం విడుదలవుతుంది. మొదటిసారి పైకి ఎద కనిపించదు. 18వ రోజు నుంచి 25వ రోజు మధ్య చాలా గొర్రెలు గుంపుగా ఎదకు వస్తాయి. 1944లోనే ఆస్ట్రేలియాలో దీన్ని నమోదు చేశారు. పొట్టేలు ఎప్పుడూ మందలోనే ఉంటే ఈ ప్రభావం మొద్దుబారుతుంది. ఇది రెండువైపులా పని చేస్తుంది కూడా. ఎదలో ఉన్న గొర్రె దగ్గరికి వస్తే పొట్టేలు ఎల్‌హెచ్, టెస్టోస్టెరాన్ పెరుగుతాయి. డబ్బు పెట్టి కొనే సూది చేయలేని పనిని గొర్రె వాసన చేస్తుంది, అదీ వృషణాలకు నష్టం లేకుండా.

కాబట్టి మీరు చేయవలసింది. ముందు చెప్పినట్టు మూడు గొర్రెలతో చేసే పరీక్షలు ఈ వారమే మొదలుపెట్టండి. మూడింటిలో ఒక్కదాన్నీ పట్టించుకోకపోతే, కాళ్లు కూడా బాగుంటే, దాన్ని విత్తనానికి ఉంచవద్దు, వేరే పొట్టేలు చూసుకోండి. దాటితే, జూలై మధ్యలో రెండు పొట్టేళ్లనూ మంద నుంచి విడదీసి, గొర్రెలకు కనిపించని దూరంలో ఉంచి మేపండి. ఆగస్టు రెండో వారంలో కొత్త పొట్టేలును మాత్రమే మందలో వదలండి. వదిలే ముందు జాజు పొడిని వేరుశనగ నూనెలో చిక్కగా కలిపి దాని రొమ్ముకు పట్టించండి, రెండు మూడు రోజులకోసారి మళ్లీ రాయండి. దాటిన ప్రతి గొర్రె తోక మీద ఎర్రటి గుర్తు పడుతుంది. మొదటి పదిహేను రోజులు గుర్తులు తక్కువ పడితే కంగారు పడవద్దు, పైన చెప్పిన 18 నుంచి 25 రోజుల లెక్క గుర్తుంచుకోండి. ఆ గుంపు దాటడం అయ్యాక, అంటే 26వ రోజున, జాజు తీసేసి నీలిమందు రాయండి. ఎర్ర గుర్తు ఉన్న గొర్రె మీదే మళ్లీ నీలి గుర్తు పడిందంటే ఆ గొర్రె తిరగబెట్టిందని అర్థం. నాలుగైదు గొర్రెలు అలా చేస్తే సహజమే. సగం మంద అలా చేస్తే పాత పొట్టేలును వెంటనే మందలోకి దించండి, కొత్తదాని వీర్యం పరీక్ష చేయించండి. సెప్టెంబరు చివరికి ఎర్ర గుర్తులు ఎన్ని, వాటిలో నీలి గుర్తు మళ్లీ పడినవి ఎన్ని అన్న లెక్క రాసి పంపండి, అది చూసి మిగతాది చెబుతాను.